కుడివైపు సీటు

నడుముకు ఆపరేషన్ అయ్యాక
నర్సు కోరల్ కాగితం మీద రాసిచ్చింది:
బరువులు ఎత్తొద్దు,
గుర్రం ఎక్కొద్దు,
ఆ బండి అసలే ఎక్కొద్దు.
మొదటి రెండింటికీ ఒప్పుకున్నాను.

బండి అరవై రెండో సంవత్సరం ల్యాండ్ రోవర్.
అది ఓడ దిగిన రోజు
మా మామగారు గుర్రమెక్కి రేవుకు వెళ్లి
వచ్చేటప్పుడు గుర్రాన్ని దాని వెనక కట్టుకొచ్చాడట,
ఎందుకైనా మంచిదని.

దాని సీటు సీటు కాదు.
చెక్క పలక, గుప్పెడు స్ప్రింగులు, నల్ల రెగ్జిన్.
బండి ఆగి ఉంటే పీట, కదిలితే రోలు.
రోట్లో కూర్చున్నాక
రోకటిపోటుకు వెరిస్తే ఎలా అనేవాడు రోడ్రిక్.
ఆయన పోయి తొమ్మిదేళ్లు.
పోటు నాకొక్కదానికే మిగిలింది.

స్టాన్లీ నుంచి నెల్సన్ వ్యేగాస్ వచ్చాడు
రెండు పెద్ద అట్టపెట్టెలతో.
ఎత్తైన వీపు, తలకి ఆనుడు,
వెనక్కి వాలడానికి పిడి,
వెచ్చబడడానికి మీట.
అరవై గొర్రెల ఉన్ని ఖరీదు.

పాత బోల్టులు కదలనన్నాయి.
నూనె పోశాం, తిట్టాం, టీ తాగాం,
మళ్లీ తిట్టాం.
ఊడి వచ్చిన సీటు కింద
గొర్రె చెవి బిళ్ల, విరిగిన పెన్సిలు,
రోడ్రిక్ కింది పళ్లసెట్టు.
ఇరవై ఏళ్లు కుక్కను అనుమానించాం, పాపం.
ఆ కుక్క మాట పడే చచ్చిపోయింది.

పాత బెజ్జాలు ఒకచోట,
కొత్త సీటు కాళ్లు ఇంకోచోట.
నెల్సన్ డ్రిల్లు పట్టుకుని నా మొహం చూశాడు.
నేను తలుపు బయట గాలికి ఒరిగిన గడ్డిని చూశాను.
"కానీ" అన్నాను.
అల్యూమినియం నాలుగుసార్లు కేక పెట్టింది.

మర్నాడు ఎవరి ఒళ్లోనో కూర్చున్నట్టు కూర్చున్నాను.
నాలుగు వేళ్ల ఎత్తు పెరిగాను.
ఇప్పుడున్న కుక్క కొత్త సీటు వాసన చూసి
వెళ్లి వెనక ఎక్కింది.

ఈ దీవిలో రోడ్డు మర్యాదకి కొంత దూరం వస్తుంది.
ఆ తర్వాత అంతా పీట్ నేల,
పైన గడ్డి, కింద వెన్న.
గట్టి నేలైతే టకటక,
డిడిల్‌డీ పొదలైతే గరగర,
దిగబడే చోటు వచ్చే ముందు మాత్రం
చక్రం ఊపిరి బిగబట్టినట్టు ఒక్క క్షణం నిశ్శబ్దం.
నలభై ఏళ్లుగా
ఆ నిశ్శబ్దాన్ని నా తుంటి ఎముక వినేది.
చెయ్యి దానంతటదే స్టీరింగు తిప్పేది.

కొత్త సీటులో
టకటక లేదు, గరగర లేదు,
అంతా ఆ నిశ్శబ్దమే.
ఏ నిశ్శబ్దానికని తిప్పను?

ఇరుసుల దాకా దిగబడ్డాం.
రేడియోలో పిలిస్తే
నాకంటే ముందు మూడు ఫార్ములు నవ్వాయి.
ఐలా ట్రాక్టరు తెచ్చేసరికి రెండు గంటలు.
మీట నొక్కి, పిడి లాగి, వెనక్కి వాలి
బురదలో కూరుకుపోయి
పుట్టాక అంత సుఖంగా ఎప్పుడూ కూర్చోలేదు.
అబద్ధమెందుకు, కాసేపు నిద్ర కూడా పోయాను.

శనివారం నెల్సన్ మళ్లీ వచ్చాడు.
ఏమీ అనలేదు, అదే వాడి మంచితనం.
ఎడమ పక్క కొత్తది అలాగే ఉంచాం.
కోరల్ నెలకోసారి అందులో వాలి కూర్చుని
నన్ను తిడుతూ వస్తుంది.
కుడి పక్క పాత పలక, పాత స్ప్రింగులు.

పళ్లసెట్టు కడిగాను.
కిటికీలో పెడితే బాగోలేదు,
సొరుగులో పెడితే నిద్ర పట్టలేదు.
చివరికి దొరికిన చోటే పెట్టి
పైన సీటు బిగించమన్నాను.

కొత్తగా పడ్డ నాలుగు బెజ్జాలు మాత్రం
పూడ్చలేదు.
పడమటి గాలి వీచే రోజుల్లో
అందులోంచి చల్లగా చీలమండకు తగులుతుంది.
మేజోళ్లు రెండు జతలు వేసుకుంటున్నాను.